ల్యాప్‌టాప్ కాదు పిన్నీ... బీరువా!

ఆదివారం పొద్దున్నే రేపల్లె నుంచి పిన్ని ఫోన్. మామూలుగా అయితే "తిన్నావా నాన్నా"తో మొదలవుతుంది. ఆ రోజు అది లేదు.

"ఒరేయ్, మంచి ల్యాప్‌టాప్ ఎంతలో వస్తుంది? యాభై ఐదు వేలకి వస్తుందా?"

"ఎవరికి పిన్నీ? చెల్లికి ఉందిగా."

"ఉంది, పాడైపోయిందంట. మొన్న ఇంటర్వ్యూలో ఇది మాట్లాడేది అవతలోళ్లకి వినపడనే లేదంట. అప్పట్నుంచి ఏడుస్తానే ఉంది. గాజులు బ్యాంకులో పెడదామంటున్నారు మీ బాబాయి."

చెల్లి బాపట్లలో ఇంజినీరింగ్ ఫైనలియర్. హాస్టల్లో నెట్ కుదరదని, ఇంటర్వ్యూ కోసమే ఇంటికొచ్చింది. అది రెండో రౌండ్. ఇరవై నిమిషాల్లో పదకొండు సార్లు "మీ మాట వినిపించడం లేదు" అన్నారట. లెక్కపెట్టుకుంది పాపం. చివరికి "నెట్‌వర్క్ బాగున్నప్పుడు మళ్లీ చూద్దాం" అని కాల్ కట్ చేశారు. ఆ 'మళ్లీ' రాలేదు.

నాకు కడుపులో తిప్పినట్టయింది. ఎందుకంటే ఈ కష్టం నేనూ పడ్డాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టేనాటికి ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. హైదరాబాద్ నుంచి తెనాలి వచ్చేసి మేడ మీద గదిలో ల్యాప్‌టాప్ తెరిచాను. మొదటి మూడు నెలలు రోజూ మీటింగ్‌లో నేను ఒక ముక్క మాట్లాడితే అర ముక్క వినపడేది. వెబ్‌క్యామ్ కొన్నాను, రింగ్ లైట్ కొన్నాను, ప్లాన్ మార్చాను. ఏడెనిమిది వేలు పోశాక తెలిసింది, వాటిలో ఒక్కటీ నా సమస్య కాదని.

"పిన్నీ, గాజులు చేతికే ఉంచుకో. సాయంత్రం వస్తున్నా" అన్నాను.

తెనాలిలో రేపల్లె బండి ఎక్కాను. వేమూరు, భట్టిప్రోలు మీదుగా వెళ్లే ఆ లైను మీకు తెలిసే ఉంటుంది. పెట్టెలో సగం మంది ఫోన్లో వీడియోలు చూస్తున్నారు, అదీ ఇయర్‌ఫోన్స్ లేకుండా. ఒకవైపు వంట, ఒకవైపు క్రికెట్, ఎదురుగా భక్తి. 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పటి నుంచి డేటా కారుచౌక అయింది కానీ, వంద రూపాయల ఇయర్‌ఫోన్స్ మాత్రం మనకింకా ఖరీదుగానే కనిపిస్తాయి!

బీరువా వెనకాల

బాబాయి వాళ్ల ఇల్లు రైలుపెట్టె లాంటిది. ముందు గది, నడిమి గది, వెనక గది, ఆ వెనక వంటిల్లు. నెట్ బిగించినాయన ముందు గదిలో కిటికీ పక్కన గోడకి కన్నం వేసి, అక్కడే రూటర్ పెట్టేసి వెళ్లాడు. పిల్లలు లాగుతారని బాబాయి దాన్ని స్టీలు బీరువా వెనక్కి నెట్టారు. చెల్లి ఇంటర్వ్యూ ఇచ్చింది వెనక గదిలో.

"వంద ఎంబీపీఎస్ ప్లాన్ రా మనది" అన్నారు బాబాయి కొంచెం గర్వంగా. నిజమే. చెల్లి ఫోన్లో స్పీడ్ టెస్ట్ కొడితే వెనక గదిలో కూడా ముప్పై దాకా చూపించింది. సినిమాలు ఆగకుండా వస్తాయి. మరి కాల్ ఎందుకు తెగుతుంది?

ఇక్కడే మనలో చాలామంది బోల్తా పడతాం. యూట్యూబ్ చూడడం అంటే బిందెలో నీళ్లు పట్టుకుని వాడుకోవడం. ముందే కొంత వీడియో దిగి ఉంటుంది, మధ్యలో రెండు సెకన్లు నెట్ ఆగినా మనకు తెలీదు. వీడియో కాల్ అంటే కుళాయి కింద దోసిలి పట్టి తాగడం. ధార ఒక్క క్షణం ఆగినా దోసిలి ఖాళీ. కాల్‌కి ధార లావుగా ఉండక్కర్లేదు, ఆగకుండా ఉండాలి. ఇద్దరి మధ్య హెచ్‌డీ వీడియో కాల్‌కి జూమ్ వాళ్లు చెప్పే లెక్క పైకి 1.2 ఎంబీపీఎస్, కిందికి 1.2 ఎంబీపీఎస్. అంతే. వంద దాకా అక్కర్లేదు.

ధార ఎక్కడ ఆగుతోందో కనుక్కోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ అని కొట్టి, రూటర్ అడ్రస్ ఇచ్చి, చివర్లో మైనస్ టి పెట్టండి. రూటర్ అడ్రస్ మామూలుగా 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది, రూటర్ అడుగున స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. మన ల్యాప్‌టాప్ నుంచి రూటర్ దాకా వెళ్లి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో వరసగా చూపిస్తుంది. ఒకే ఇంట్లోనే కదా, రెండు, మూడు, మహా అయితే పది రావాలి.

మాకు వచ్చినవి 4, 6, 212, 5, 388... ఆ తర్వాత 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్'.

అంటే గండి బజార్లో లేదు, ఇంట్లోనే ఉంది. అదే పరీక్ష రూటర్ పక్కనే కూర్చుని చేస్తే 2, 2, 3. తర్వాత రూటర్ అడ్రస్ బదులు 8.8.8.8 అని కొట్టాం, అది గూగుల్ వాళ్ల సర్వర్. అదీ నిలకడగానే వచ్చింది. నెట్ వాళ్ల తప్పు లేదు, ల్యాప్‌టాప్ తప్పూ లేదు. మధ్యలో రెండు గోడలు, ఒక స్టీలు బీరువా. ఇనుము వైఫై సిగ్నల్‌ని దాటనివ్వదు. బీరువాకి నిలువుటద్దం కూడా ఉంటే చెప్పే పనే లేదు. చేపల తొట్టి కూడా అంతే, నీళ్లు సిగ్నల్‌ని తాగేస్తాయి.

"బీరువా పక్కకి జరుపుదాం బాబాయ్" అన్నాను.

"అది వాస్తు ప్రకారం పెట్టింది రా."

సరే, రూటర్‌నే కదిలిద్దాం అనుకున్నాం. దాని వైరు పొడవు చూసుకుని, ముందు గది తలుపు పైన, బీరువాకి ఎడంగా, ఎత్తులో మేకు కొట్టి తగిలించాం. పింగ్ సగానికి సగం బాగుపడింది. పూర్తిగా కాదు. అప్పుడప్పుడూ వంద దాటుతూనే ఉంది.

ఇంకో రెండు దొంగలు దొరికాయి. ఒకటి, వైఫై పేరు. రూటర్లలో మామూలుగా రెండు రకాల సిగ్నల్ ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది కానీ, పక్కింటి వైఫైలు, బ్లూటూత్, ఓవెన్ అన్నీ ఆ దారిలోనే గుంపుగా నడుస్తాయి. 5 గిగాహెర్ట్జ్ దారి ఖాళీగా ఉంటుంది, కానీ గోడలు దాటడంలో బలహీనం. ఒకే గదిలో ఉంటే 5 పట్టుకోండి. రెండు గోడల అవతల ఉంటే 2.4 తప్పదు, అప్పుడు రూటర్ సెట్టింగ్స్‌లో ఛానల్ 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే దానికి మార్చండి. ఒకదాని మీద ఒకటి పడనివి ఆ మూడే.

రెండో దొంగ బాబాయి ఫోన్. ఇంటర్వ్యూకి ముందు రోజు పెళ్లికి వెళ్లొచ్చారు. తీసిన వీడియోలన్నీ వైఫై దొరగ్గానే బ్యాకప్ పేరుతో పైకి ఎక్కడం మొదలుపెట్టాయి. చెల్లి మాట కూడా పైకి వెళ్లేదే, పెళ్లి భోజనాల వీడియో కూడా పైకి వెళ్లేదే. ఒకే ఇరుకు సందులో రెండూ. ముఖ్యమైన కాల్ ఉన్నప్పుడు ఇంట్లో ఫోన్లన్నిటికీ వైఫై ఆపేయండి. ల్యాప్‌టాప్‌లో విండోస్ అప్‌డేట్‌ని కూడా ఆ వారం పాజ్‌లో పెట్టండి.

పిన్ని తీర్పు

నెట్ సంగతి అలా ఉంచితే, నాకు ఇంకో అనుమానం. చెల్లి ఆ రోజు వాడింది బ్లూటూత్ బడ్స్. పుట్టినరోజుకి స్నేహితులిచ్చినవి, పాటలకి చాలా బాగుంటాయి. కానీ మామూలు బ్లూటూత్ బడ్స్‌తో ఒక చిక్కుంది. పాట వినేటప్పుడు అవి ఒక పద్ధతిలో పనిచేస్తాయి, సౌండ్ నిండుగా వస్తుంది. మైక్ ఆన్ చేసిన మరుక్షణం పాత ఫోన్ కాల్ పద్ధతికి మారిపోతాయి. అప్పుడు వచ్చే గొంతు, వెళ్లే గొంతు రెండూ నాసిగా, డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటాయి. పైగా మైక్ చెవి దగ్గర ఉంటుంది, నోటి దగ్గర కాదు. పైన తిరిగే ఫ్యాన్ గాలి మొత్తం దానికి వినపడుతుంది.

నమ్మలేదు చెల్లి. అందుకే పోటీ పెట్టాం. ఒకే పేరా మూడుసార్లు చదివి రికార్డ్ చేసింది. ఒకసారి బడ్స్‌తో, ఒకసారి ల్యాప్‌టాప్ మైక్‌తో, ఒకసారి బాబాయి ఫోన్‌తో పాటు డబ్బాలో వచ్చిన వైరు ఇయర్‌ఫోన్స్‌తో. ఏది ఏదో చెప్పకుండా పిన్నికి వినిపించాం. పిన్ని కళ్లు మూసుకుని విని, "మూడోది. అది మా పిల్ల గొంతులా ఉంది. మొదటిది జలుబు చేసినట్టుంది" అంది.

మొదటిది మూడు వేల రూపాయల బడ్స్!

మీరు కూడా ఈ పరీక్ష చేసుకోండి. కాల్‌లో మన గొంతు మనకు ఎప్పుడూ వినపడదు, అదే అసలు సమస్య. జూమ్‌లో టెస్ట్ మీటింగ్ ఉంటుంది, గూగుల్ మీట్‌లో కాల్‌లోకి వెళ్లే ముందే ఆడియో, వీడియో చెక్ చేసుకునే వీలుంటుంది. ఏదీ వద్దనుకుంటే ఫ్రెండ్‌కి కాల్ చేసి రికార్డ్ చెయ్యమనండి. బడ్స్ తప్ప వేరే గతి లేదా? మీటింగ్ సెట్టింగ్స్‌లో స్పీకర్‌గా బడ్స్, మైక్‌గా ల్యాప్‌టాప్ మైక్ పెట్టుకోండి. వినడానికి అవి, మాట్లాడడానికి ఇది. చాలా తేడా ఉంటుంది.

వెలుతురు సంగతి అమ్మమ్మ తేల్చేసింది. వెనక గదిలో చెల్లి కుర్చీ వెనకాల పెద్ద కిటికీ. అమ్మమ్మ స్క్రీన్ చూసి, "ఇదేందే, నల్ల బొమ్మలా ఉన్నావ్?" అంది. కెమెరా కిటికీ వెలుతురు చూసి కళ్లు చిట్లిస్తుంది, ముఖం చీకటైపోతుంది. బల్లని అటు తిప్పి కిటికీ ముఖానికి ఎదురుగా వచ్చేలా పెట్టాం. ల్యాప్‌టాప్ కింద నాలుగు టెక్స్ట్ పుస్తకాలు పెడితే కెమెరా కళ్ల ఎత్తుకి వచ్చింది. కెమెరా కన్నం మీద నూనె వేళ్ల మచ్చ ఉంటే మెత్తటి గుడ్డతో తుడిచాం. దీనికి రింగ్ లైట్ ఎందుకు చెప్పండి? రాత్రి కాల్స్ ఎక్కువ ఉన్నవాళ్లు ఒక టేబుల్ లైట్‌ని ఎదుటి తెల్ల గోడ మీద పడేలా పెట్టుకుంటే చాలు, ఆ వెలుగు మెత్తగా ముఖం మీద పడుతుంది.

అన్నట్టు అమ్మమ్మ గురించి ఒక మాట. అమెరికాలో మావయ్య రోజూ వీడియో కాల్ చేస్తాడు. అమ్మమ్మ ఫోన్‌ని మంచం మీద పడుకోబెట్టి మాట్లాడుతుంది. పాపం మావయ్య పదేళ్లుగా చూస్తున్నది మా సీలింగ్ ఫ్యాన్‌ని. ఒక ఫోన్ స్టాండ్ కొనాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదంటే సిగ్గేసింది. దాంతోపాటే ఆమెకి ఇంకోటి గట్టిగా చెప్పాం, తెలియని నంబర్ నుంచి వీడియో కాల్ వస్తే ఎత్తొద్దని. పోలీసు డ్రెస్సులో కనిపించి 'డిజిటల్ అరెస్ట్' అంటే అది మోసమే. అలాంటి అరెస్టు చట్టంలోనే లేదు. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యాలి. మీ ఇంట్లో పెద్దవాళ్లకి కూడా ఈ నంబర్ గోడ మీద రాసి పెట్టండి.

బోసు రోడ్డులో బేరం

మర్నాడు చెల్లిని తీసుకుని తెనాలి వచ్చాను. బాబాయి ల్యాప్‌టాప్ కోసం డబ్బు ఇవ్వబోతే వద్దని, ఐదు వేలు మాత్రం తీసుకున్నాం.

షాపులో అడుగుపెట్టగానే చెల్లి కళ్లు వెబ్‌క్యామ్‌ల మీదకి పోయాయి. షాపు కుర్రాడు కూడా "ఇంటర్వ్యూకా అక్కా? ఇదిగో ఇది తీస్కోండి, ఫుల్ క్లారిటీ" అని డబ్బా తీశాడు. డబ్బా మీద 4కే అని ఉంది, ధర తొమ్మిది వందలు. ఆ ధరలో నిజమైన 4కే సెన్సర్ రాదు. చిన్న సెన్సర్ తీసిన బొమ్మని సాఫ్ట్‌వేర్‌తో సాగదీస్తారు. ఒకవేళ నిజంగా ఉన్నా, వీడియో కాల్ యాప్‌లు ఎలాగూ దాన్ని కుదించే పంపుతాయి. ల్యాప్‌టాప్ కెమెరా మరీ మసగ్గా ఉంటే మీ ఫోన్‌నే వెబ్‌క్యామ్ చేసుకోండి. డ్రాయిడ్‌క్యామ్, ఇరియున్ లాంటి యాప్‌లు ఎప్పట్నుంచో ఉన్నాయి. ఆండ్రాయిడ్ 14 నుంచి కొన్ని ఫోన్లలో కేబుల్ గుచ్చితే చాలు, 'వెబ్‌క్యామ్' అని ఆప్షనే వస్తుంది. పదిహేను వేల ఫోన్ వెనక కెమెరా ముందు చౌక వెబ్‌క్యామ్‌లు నిలబడవు.

మా ఊరి మాట ఒకటి చెప్పాలనిపిస్తోంది. తెనాలి పక్కన బుర్రిపాలెం కృష్ణగారిది. 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో తెలుగులో తొలి సినిమాస్కోప్ ఆయనే తీశారు. 1986లో 'సింహాసనం' తీసినప్పుడు 70 ఎంఎం తెరతో ఊరుకోలేదు, స్టీరియోఫోనిక్ సౌండ్ కూడా తెచ్చారు. బొమ్మ పెద్దదైతే సరిపోదని, చెవికి కూడా అంత పెట్టాలని మా ఊళ్లో నలభై ఏళ్ల నాడే తెలుసన్నమాట. మనమేమో ఇంకా కెమెరా మెగాపిక్సెల్స్ దగ్గరే ఆగాం.

కాబట్టి ముందు హెడ్‌సెట్. నోటి ముందుకి వంగే మైకు కాడ ఉన్న వైరు హెడ్‌సెట్, ఏడు వందలు. కొనేటప్పుడు పిన్ చూడండి. పిన్ మీద నల్ల గీతలు మూడుంటే మైక్ ఉన్నట్టు, రెండే ఉంటే అది వినడానికి మాత్రమే. ల్యాప్‌టాప్‌కి ఒకే కన్నం ఉంటే మూడు గీతల పిన్ నేరుగా పెట్టొచ్చు. పాత డెస్క్‌టాప్‌లలాగా మైక్‌కి ఒకటి, స్పీకర్‌కి ఒకటి రెండు కన్నాలుంటే మధ్యలో స్ప్లిటర్ ముక్క కావాలి. ఈ చిన్న సంగతి తెలియక "హెడ్‌సెట్ పనిచెయ్యట్లేదు" అని తిరిగిచ్చేవాళ్లు రోజుకి ఇద్దరైనా వస్తారని షాపు ఓనరు గారు చెప్పారు.

తర్వాత లాన్ కేబుల్. పదిహేను మీటర్లు, మూడు వందల యాభై. వైఫై ఎన్ని విద్యలు నేర్చినా వైరుకి సాటి రాదు. కొత్త పల్చటి ల్యాప్‌టాప్‌లకి లాన్ కన్నం ఉండదు కాబట్టి యూఎస్‌బీ నుంచి లాన్‌కి మార్చే అడాప్టర్ ఆరు వందలు. గిగాబిట్ మోడల్ కోసం ఎక్కువ పెట్టక్కర్లేదు, వీడియో కాల్‌కి వంద ఎంబీపీఎస్‌ది కూడా ఎక్కువే.

ఇక మినీ యూపీఎస్, పదమూడు వందలు. కరెంట్ పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, ఆగిపోయేది రూటర్. అరచేతంత ఈ డబ్బా రూటర్‌ని రెండు మూడు గంటలు నడుపుతుంది. కొనే ముందు రూటర్ అడాప్టర్ మీద అక్షరాలు ఫొటో తీసుకెళ్లండి. 12 వోల్టులు అని ఉంటే యూపీఎస్ కూడా 12 ఇచ్చేదే కావాలి. ఆంపియర్లు రూటర్‌కి కావలసినంత గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. పిన్ను సైజు, ప్లస్ మైనస్ గుర్తు కూడా సరిపోవాలి. వోల్టులు తప్పితే రూటర్ కాలిపోతుంది, ఆ పైన నెట్ వాళ్లతో గొడవ. కొన్ని ఇళ్లలో ఫైబర్ డబ్బా వేరు, వైఫై డబ్బా వేరు ఉంటాయి. రెండింటికీ కరెంట్ ఇవ్వాలి, ఒకదానికే ఇస్తే లాభం లేదు.

అమ్మమ్మకి ఫోన్ స్టాండ్ నూట యాభై. మొత్తం మూడు వేల నూరు.

బయటికి వస్తుంటే కుర్రాడు "టైప్ సీ కేబుల్ తీస్కోండి అన్నా, సూపర్ ఫాస్ట్" అన్నాడు. టైప్ సీ అన్నది పిన్ను ఆకారం పేరు, వేగం పేరు కాదు. చాలా టైప్ సీ కేబుళ్లు లోపల పాత యూఎస్‌బీ 2.0వే, అంటే 480 ఎంబీపీఎస్ దాకానే. కొన్ని చార్జింగ్‌కి తప్ప దేనికీ పనికిరావు. వీడియో ఫైళ్లు కాపీ చెయ్యాలన్నా, టైప్ సీ నుంచి టీవీకి కలపాలన్నా డబ్బా మీద 5 జీబీపీఎస్ అనో, 10 జీబీపీఎస్ అనో, డిస్‌ప్లే సపోర్ట్ అనో రాసి ఉందేమో చూడండి. లేకపోతే అది చార్జింగ్ వైరే అనుకోండి.

హాస్టల్ గదిలో ఒకటిన్నర జీబీ

చెల్లిని బాపట్లలో దింపాలి కదా, చెన్నై లైను బండి ఎక్కాం. నిడుబ్రోలు దాటేసరికి తన అసలు బాధ చెప్పింది. ఇంటర్వ్యూ ఒక్కరోజు. రోజూ ఉండే గొడవ వేరే. హాస్టల్లో అందరిదీ రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్, రాత్రి ఎనిమిదికల్లా అయిపోతుంది, పాఠాలు సగంలో ఆగుతాయి.

నోటి లెక్కే చేద్దాం. ఒక ఎంబీపీఎస్ వీడియో గంటసేపు చూస్తే 450 ఎంబీ. యూట్యూబ్ 480పీకి కావాలని చెప్పే స్పీడ్ 1.1 ఎంబీపీఎస్, అంటే గంటకి సుమారు అర జీబీ. 720పీకి 2.5, గంటకి ఒక జీబీ పైచిలుకు. 1080పీకి 5, గంటకి రెండుంబావు జీబీ. 4కే అయితే 20, గంటకి తొమ్మిది జీబీ! ఆరంగుళాల ఫోన్ మీద 1080పీకి, 480పీకి తేడా కనిపెట్టడం కష్టం. అయినా ఆటో అని వదిలేస్తే యాప్ దానికిష్టమొచ్చింది తీసుకుంటుంది. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో మొబైల్ డేటా మీద క్వాలిటీని 'డేటా సేవర్'కి పెట్టుకోవచ్చు, ఒక్కసారి చేస్తే చాలు. ఒక మినహాయింపు ఉంది. కోడింగ్ పాఠాల్లో అక్షరాలు 480పీలో అలుక్కుపోతాయి, వాటికి 720పీ తప్పదు. అదృష్టమేమిటంటే కదలని స్లైడ్లు, అక్షరాలు ఉన్న వీడియో నిజానికి పైన చెప్పిన లెక్క కంటే తక్కువే తింటుంది. క్రికెట్, డాన్సులే ఎక్కువ తినేవి.

ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠాలైతే నేరుగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఇంటికెళ్లినప్పుడు వైఫై మీద వారానికి సరిపడా దింపుకోమన్నాను. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. అలాంటి రోజున కరెంటూ ఉండదు, టవరూ ఉండదు. ఫోన్లో దాచుకున్నదే మిగిలేది. ఈ తీరంలో చదువుకునేవాళ్లకి పవర్ బ్యాంకు, మెమరీ కార్డు సోకు సామాన్లు కాదు.

హాస్టల్ విజిటర్స్ హాల్లో చెల్లి రూమ్‌మేట్లు ముగ్గురు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని నా కోసం ఎదురుచూస్తున్నారు. డాక్టరు వచ్చినట్టు!

ఒకమ్మాయిది వాళ్లన్నయ్య వాడి ఇచ్చిన పాత ల్యాప్‌టాప్. యూట్యూబ్ పెడితే ఫ్యాన్ పిండిమరలా మోగుతుంది, బొమ్మ ఆగి ఆగి వస్తుంది. నెట్ తప్పు కాదు. యూట్యూబ్ ఇప్పుడు పంపే కొత్త రకం వీడియోని విప్పే చిప్ భాగం 2016కి ముందు ప్రాసెసర్లలో చాలావాటికి పూర్తిగా లేదు. ఆ పని మొత్తం ప్రాసెసర్ మీద పడుతుంది. బ్రౌజర్‌లో 'హెచ్264ఐఫై' అనే ఎక్స్‌టెన్షన్ వేసి పాత రకం వీడియో వచ్చేలా చేశాం. రెండు నిమిషాల్లో ఫ్యాన్ సద్దుమణిగింది.

ఇంకో అమ్మాయిది వింత కేసు. హార్డ్‌డిస్క్ పెట్టినప్పుడల్లా వైర్‌లెస్ మౌస్ తడబడుతుందట. "దెయ్యమేమో అన్నయ్యా" అంది నవ్వుతూ. దెయ్యం కాదు, యూఎస్‌బీ 3.0 పని చేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద పుడుతుంది. ఇంటెల్ వాళ్లే 2012లో ఈ సంగతి రాశారు. మౌస్ డాంగిల్ నడిచేది ఆ దారిలోనే. డాంగిల్‌ని రెండో వైపు కన్నానికి మార్చాం. కుదరకపోతే చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరంగా పెట్టుకోవచ్చు.

మూడో అమ్మాయి ఫోన్‌కి చార్జింగ్ ఎక్కట్లేదు. వాళ్ల ఊరు సూర్యలంక వైపు. ఉప్పుగాలి పిన్నుల మీద పచ్చగా తుప్పు పట్టిస్తుంది. ఫోన్ ఆపేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి బ్రష్షుతో తుడిచి ఆరనిస్తే చాలాసార్లు పని చేస్తుంది. గుండుసూది మాత్రం పెట్టకండి. కేబుల్‌ని వాడనప్పుడు మూతున్న డబ్బాలో వేసుకుంటే ఈ బాధ ఆలస్యంగా వస్తుంది.

రెండో ఇంటర్వ్యూ

మూడు వారాలకి ఇంకో కంపెనీ నుంచి పిలుపొచ్చింది. చెల్లి మళ్లీ రేపల్లె వెళ్లింది. ముందు రోజు రాత్రి నాకు కాల్ చేసి అరగంట రిహార్సల్ చేసింది. రూటర్ నుంచి వెనక గది దాకా గోడ వెంబడి కేబుల్ లాగి, మేకులు కొట్టింది బాబాయే. పింగ్ 1, 1, 1, 1. ఒకవేళ నెట్టే పోతే అన్న భయానికి ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి టెథరింగ్ సిద్ధంగా పెట్టుకోమన్నాను. హాట్‌స్పాట్ కంటే అది నిలకడ, పైగా ఫోన్ కూడా చార్జ్ అవుతుంటుంది.

సరిగ్గా పదిహేనో నిమిషంలో రేపల్లెలో కరెంట్ పోయింది. ఫ్యాన్ ఆగింది. రూటర్ దీపాలు ఆగలేదు. చెల్లి చెమటలు కక్కుతూనే మాట్లాడింది. పిన్ని గుమ్మంలో నిలబడి, అటుగా వచ్చిన కూరగాయల బండి అతన్ని సైగలతోనే వెనక్కి పంపేసిందట. గంటా పది నిమిషాలు. ఒక్కసారి కూడా 'వినపడట్లేదు' అన్న మాట రాలేదు.

ఉద్యోగం వచ్చిందా అంటే, రాలేదు. ఒక ప్రోగ్రామ్‌లో లాజిక్ తప్పు చేసింది. రాత్రి ఫోన్ చేసింది. ఏడుపు గొంతేమో అనుకున్నాను, కాదు.

"రాక పోయింది అన్నయ్యా, వినపడక పోలేదు. ఆ ప్రశ్న మళ్లీ చెప్పు నాకు, ఎక్కడ తప్పు చేశానో చూద్దాం" అంది. కూర్చుని పన్నెండు దాకా అదే చేశాం. ఈ నెలలో ఇంకో రెండు ఇంటర్వ్యూలు ఉన్నాయి.

మావయ్య ఇప్పుడు ఫ్యాన్ బదులు అమ్మమ్మ ముఖం చూస్తున్నాడు. "చిక్కిపోయావేంటమ్మా" అని మొదటి రోజే గొడవట. పిన్ని గాజులు పిన్ని చేతికే ఉన్నాయి. బీరువా మాత్రం అంగుళం కదల్లేదు.